చిన్న దేశాల బల్ల

మా సోషల్ మాస్టారు పోయారు. నందిగామ హైస్కూల్లో చదువు చెప్పి, రిటైరయ్యాక జగ్గయ్యపేటలో మా వీధికి వచ్చేశారు. కబురు తెలిసేసరికి నేను మా పత్తి కొట్లో బేరం మాట్లాడుతున్నాను. బేరం పూర్తి చేసుకునే లేచాను. ఈ మాట మీకు మొదటే చెప్పేస్తే మంచిది.

పొద్దున్నే టీ కొట్టు బల్ల మీద ఆయన మాకు దేశాలు పంచేవారు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మిత్రుడికి నేపాల్. నాకు శ్రీలంక. ఆయనేమో మ్యాపులో చుక్కంత ఉండే ఏదో ఒక దీవి తీసుకునేవారు. అమెరికాలో అధ్యక్షుడు మారాడంటే మాకు పరీక్షే.

"నిన్నటిదాకా పాతాయన్ని నమ్ముకుని ఒప్పందాలు చేసుకున్నావు. కొత్తాయన అవేవీ చెల్లవంటున్నాడు. ఇప్పుడేం చేస్తావయ్యా లంకా?" అనేవారు.

"చైనా వాళ్ళకి ఫోన్ చేస్తానండీ," అన్నాను ఓసారి.

"చెయ్యి. కానీ ముందు కొత్తాయనకి అభినందనలు పంపు. ఆలస్యమైతే అదీ తప్పే."

మేం నవ్వేవాళ్ళం. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని అందరికీ తెలుసు. ఆంబోతు మారినా విరుగుతాయని ఆయన చెబితేనే తెలిసింది. మిత్రుడు ఏ చిన్న దేశాన్నయినా గోడమీద పిల్లి అని వెక్కిరిస్తే ఆయనకి కోపం వచ్చేది. "అలిగి తలుపేసుకోవడానికి వాడికి ఇంకో గది లేదయ్యా," అనేవారు. టీలో ముంచిన బిస్కెట్టు విరిగి పడిపోయేదాకా మాట్లాడుతూనే ఉండేవారు. ఇవాళ పేపర్లో ఏ చిన్న దేశం పేరు కనబడినా ఆగి చదువుతున్నానంటే ఆయన చలవే.

పోయిన ఎన్నికల తర్వాత మా వార్డులో పెత్తనం మారింది. వీధి చివరి రీడింగ్ రూం ఖాళీ చేయించి ఆఫీసు పెట్టుకుంటానన్నాడు కొత్త నాయకుడు. మాస్టారు సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి ఉచితంగా పాఠాలు చెప్పేది అక్కడే.

"రేపు మున్సిపల్ ఆఫీసుకి వెళ్దాం. నలుగురం కనబడితే చాలు. వస్తారా?" అని అడిగారు.

మిత్రుడు మోకాళ్ళ నొప్పులన్నాడు. "కొట్టు లైసెన్సు వాళ్ళ చేతిలో ఉంది మాస్టారూ," అన్నాను నేను.

ఆయన తిట్టినా బాగుండేది. "పోన్లేవయ్యా. ఆ గుమ్మం ముందే కదా నీ కాపురం," అని నా భుజం తట్టి, ఒక్కరే వెళ్ళారు. వారం తిరక్కుండా రూముకి కొత్త రంగు పడింది. ఆ తర్వాత కూడా బల్ల దగ్గరికి వచ్చేవారు గానీ దేశాలు పంచలేదు. పంచమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నేను వెళ్ళేసరికి మాస్టార్ని వాకిట్లో పడుకోబెట్టారు. పాడె కడుతున్నారు. అంతలో నాయకుడి కారు వచ్చింది. అందరికంటే ముందు లేచింది నేనే. "ఇటు రండి సార్," అంటూ జనాన్ని తప్పించాను. దండ వేసి నాయకుడు నా వైపు చూశాడో లేదో, ఎవరూ అడక్కుండానే నా నోరు పలికింది.

"మాస్టారు మీ గురించి ఎప్పుడూ మంచిగానే చెప్పేవారండీ."

తల దగ్గర కూర్చున్న మాస్టారి భార్య తలెత్తి నన్ను చూశారు. మాస్టారి మొహం మీదికి జారిన ఆ పెద్ద దండని మెల్లగా పక్కకి సర్దారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నాయకుడి వెనకే నడిచాను.

ఆయన్ని కారెక్కించి, డోరు వేసి తిరిగేసరికి పాడె లేచిపోయింది. నేను పట్టాల్సిన చోట మిత్రుడు భుజం పెట్టాడు. నాకోసం ఎవరూ ఆగలేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగారు. కారు వెనక్కి తిరిగి, వాళ్ళు దారంతా చల్లిన పేలాల మీదుగా వెళ్ళిపోయింది. వాటిని తొక్కకుండా అడుగు వేసే చోటు లేక, నేను అక్కడే నిలబడిపోయాను.