తనిఖీ రోజు కుక్కల బండి

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక ఎర్రకుక్క ఉండేది. నాకూ వాచ్‌మన్‌కూ తప్ప దాని ఊసు ఎవరికీ పట్టేది కాదు. ఒకరోజు మున్సిపాలిటీ కుక్కల బండి వచ్చి దాన్ని పట్టుకెళ్లింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదిలిపెట్టాలని నియమం. నాకు ఆ నియమం నచ్చింది కూడా. నాలుగైదు రోజుల్లో తెచ్చి దింపుతామన్నారు. వారాలు గడిచినా కుక్క రాలేదు.

వెతుక్కుంటూ వాళ్లు ఆపరేషన్లు చేసే కేంద్రానికి వెళ్తే గేటు తీయలేదు. లోపలి మొరుగుళ్లు, ఏడుపులు కలగలిసి రోడ్డు దాకా వినిపించేవి. కాపలా మనిషి మాత్రం వెళ్లిన ప్రతిసారీ ఒకటే మాట, "తనిఖీ రోజు రాండ్రి మేడం, ఆ రోజు పబ్లిక్‌ను లోపలికి ఇడుస్తరు." పైన అడిగేవాళ్లు ఉన్నారు కదా అని నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఆ రోజు కోసం కాచుకున్నాను.

మండు వేసవి. గేటు బార్లా తీసి ఉంది. ఫినాయిల్ వాసన ముక్కు పగలగొడుతోంది. వరసగా బోన్లు, నియమం ప్రకారం బోనుకో కుక్క, కుక్క పక్కన తళతళలాడే స్టీలు గిన్నెలో నీళ్లు. ప్రభుత్వం పంపిన ఆఫీసరు టేపు పెట్టి ప్రతి బోనూ కొలిచాడు. మందుల ఫ్రిజ్ తెరిపించి చూశాడు, గిన్నెలో వేలు ముంచి నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో చూశాడు. పనిదొంగ కాదు, లంచగొండి అసలే కాదు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేసేది అందుకే.

ఎర్రకుక్క ఏ బోనులోనూ లేదు. పైగా ఒక్కటి కూడా మొరగడం లేదు.

"మీ కుక్కను రేపో ఎల్లుండో ఇడిచిపెడ్తం మేడం, ఫికర్ చేయకుండ్రి," అన్నాడు కేంద్రం ఇన్‌చార్జి.

"ఇప్పుడెక్కడుంది?"

"ఉంది మేడం," అని ఆఫీసరుకి టీ చెప్పడానికి పక్కకి తప్పుకున్నాడు.

అప్పుడు నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. క్లయింటు వస్తున్నాడంటే మా ఫ్లోరు కూడా ఇలాగే అద్దంలా ఉంటుంది. పని లేక బెంచ్ మీద ఉన్నవాళ్లను ఆ పూటకి ఫుడ్ కోర్టుకి తోలేస్తారు. ఒకసారి నన్నూ తోలారు. ఇక్కడ ఎక్కువైన కుక్కల్ని ఎక్కడికి తోలి ఉంటారు? ఎవరికీ చెప్పకుండా గేటు దాటి, గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను.

బండి అక్కడే ఉంది, ఎర్రటి ఎండలో. చుట్టూ టార్పాలిన్ బిగించి తాళ్లతో కట్టేశారు. లోపల మొరుగుడు లేదు. రేకు మీద గోళ్లతో గీకుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది, అదీ ఆగి ఆగి. పరుగున వెళ్లి ఆఫీసరుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను.

ఆయనే దగ్గరుండి తాళ్లు విప్పించాడు. వేడి గుప్పున ముఖాన కొట్టింది. ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని తలెత్తాయి. ఎర్రకుక్క తలుపు పక్కనే, రేకుకి ముక్కు ఆనించి ఉంది. కత్తిరించిన చెవి ఎప్పుడో మానిపోయింది, అంటే ఎప్పుడో మా గేటు దగ్గర దించాల్సిన కుక్క. ఒళ్లు ఇంకా కాలుతోంది. ఊపిరి మాత్రం లేదు. నాకు ఏడుపు రాలేదు, అక్కడున్న వాళ్లందర్నీ ఆ బండిలో వేసి కట్టెయ్యాలనిపించింది.

"సార్, బండి గేటు బయట ఉన్నది," అన్నాడు ఇన్‌చార్జి మెల్లగా. "మన షెడ్డుల ఏదీ సావలేదు."

ఆఫీసరు చేతిలోని టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నా తనిఖీ గోడ లోపలి వరకేనండీ," అన్నాడు నాతో, కుక్క వైపే చూస్తూ.

బతికున్నవాటిని లోపలికి మోయించమంటారా అని ఇన్‌చార్జి ఆయన్నే అడిగాడు.

"నేను వెళ్లాక," అన్నాడు ఆఫీసరు.