నవారు పీటలు

కింద కూర్చోవద్దని డాక్టరు మొన్న గట్టిగా చెప్పాడు. మా అపార్ట్‌మెంటులో సాయంత్రంపూట ఆడవాళ్లంతా చేరేదేమో పచ్చిక మీద. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి సంచీలోంచి మడత కుర్చీ తీసి నా ముందు వేసి, "ఇందులో కూర్చోండి ఆంటీ, ఆన్‌లైన్‌లో తెప్పించాను" అంది. కూర్చున్నాను. మెత్తగా బాగానే ఉంది కానీ, మనసు మాత్రం మా సజ్జ మీదున్న రెండు నవారు పీటల మీదికి పోయింది.

మాదాపూర్‌లో ఈ టవర్లు లేచిన చోటే మా పెంకుటిల్లు ఉండేది. పొద్దు వాలగానే అమ్మ వాకిట్లో నీళ్లు చల్లేది. తడిమట్టి వాసన పోకముందే ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చతికిలబడి, బియ్యంలో రాళ్లేరుతూ ఊరందరి సంగతులూ చెరిగేవారు. అమ్మకు రోజంతటికీ ఆ కాసేపే పండగ. అలాంటిది మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేకపోయాక, గడపలో నిలబడి కాసేపు విని, చిన్నబోయిన ముఖంతో లోపలికి వెళ్లిపోయేది.

అది చూడలేక బాపు పాత మంచం విప్పాడు. ఆయనేమీ వడ్రంగి కాదు. సుత్తి దెబ్బ మొదట వేలికి, తర్వాతే మేకుకు తగిలేది. అయినా మంచం పట్టెలు కోసి, కాళ్లను కత్తెరలా కలిపి బోల్టులు బిగించి, పైన నవారు అల్లాడు. మడిస్తే చంకలో పట్టేది. అమ్మ దాన్ని తడిమి తడిమి మురిసిపోయింది గానీ కూర్చుంటేనా!

"అత్తమ్మ కింద కూసుంటే నేను మీద కూసోవాల్నా? నలుగురు ఏమనుకుంటరు?"

బాపు కాళ్లు కాస్త కోశాడు. ఇంకా ఎత్తే అంది. మళ్లీ కోశాడు. "గిట్లనే కోసుకుంట పో, ఆఖరికి చాపైతది" అని పక్కింటి పెద్దమ్మ ఆటపట్టించింది. మూడోసారి రంపం తీసేసరికి, నేలంటే ప్రాణం పెట్టే మా నానమ్మే కసిరింది: "ఇగ కొయ్యకురా! నాకు గూడ ఒకటి చెయ్యి. లేకుంటే ఈ పిల్ల గడపల నిలబడే ముసల్దైతది."

రెండో పీట తయారయ్యాక అత్తాకోడళ్లు పక్కపక్కనే, ఒకే ఎత్తున కూర్చున్నారు. అమ్మ మంచినీళ్లకని లేచిందా, నానమ్మ మెల్లగా నేల మీదికి జారి హాయిగా కాళ్లు చాపుకునేది. లోపలినుంచి అమ్మ దగ్గు వినబడగానే గబగబా పీటెక్కి, నాకేసి కన్ను గీటేది. అమ్మకు వేరే వేళల్లో దగ్గే ఉండేది కాదు. గుమ్మం దాకా వచ్చి, ఒకసారి దగ్గి, కాసేపు ఆగి గానీ బయటికి వచ్చేది కాదు.

అమ్మ మీద, నానమ్మ మీద బెంగ పెట్టుకునే వయసు కాదు నాది. అయినా పెట్టుకున్నాను. నిన్న ఆ రెండు పీటలూ దించి, దుమ్ము దులిపి, పచ్చిక మీదికి తీసుకుపోయాను. ఒకదాని మీద నేను కూర్చుని, రెండోది పక్కనే విప్పి పెట్టాను. వెనక దారిలో ఎవరో నడుస్తూ దగ్గారు. చటుక్కున పక్కకు చూశాను. ఇల్లు పోయి టవర్లు లేచిన ఇన్నేళ్లలో అన్నీ అలవాటయ్యాయి గానీ, ఆ దగ్గుకు పీటెక్కే మనిషి లేకపోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.