నాలుగు పెట్టెల ఫ్యాక్టరీ

ఆ రసాయనాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఆయన్ని అందరూ గీతలాయన అనేవారు. మనిషిని చూడగానే ఏ డ్రాయింగు ఇవ్వాలో ఆయనకి తెలిసిపోయేది. ప్లాంటులో కాలు పెట్టని పెద్దలకి బ్లాక్ డయాగ్రమ్: కాసిని పెట్టెలు, మధ్యలో బాణాలు. లెక్కలడిగే ఇంజనీర్లకి ప్రాసెస్ ఫ్లో డయాగ్రమ్: ఏ పాత్రలోకి ఏది ఎంత పోతోంది, ఎంత వేడి మీద ఉడుకుతోంది. వాల్వులు తిప్పి చేతులు కాల్చుకునేవాళ్లకి పీ అండ్ ఐడీ. అందులో ప్రతి పైపూ, ప్రతి వాల్వూ, ప్రతి మీటరూ ఉండాల్సిందే. ఇక ఫిట్టర్‌కి, వాడు బిగించే ఒక్క పైపు ఎన్ని మెలికలు తిరుగుతుందో చూపే ఐసోమెట్రిక్.

"హోదా పెరిగేకొద్దీ గీతలు తగ్గుతాయి," అనేవాడాయన.

ఇంట్లోనూ ఇదే వరస. ఆలస్యమైందేమని భార్య నిలదీస్తే "ఆఫీసు, బస్సు, ఇల్లు" అనేవాడు.

"ఆ పెట్టెలు మీ ఛైర్మన్‌కి చూపించుకోండి. ఎక్కడ ఆగారో, ఎవరితో టీ తాగారో, వాల్వులతో సహా చెప్పండి," అనేదావిడ.

ఒకసారి ఛైర్మన్ వస్తున్నాడని కబురొచ్చింది. హాల్లో గోడకి పెద్ద డ్రాయింగు వేలాడదీయాలన్నారు. గీతలాయన అయిదు పెట్టెలు గీసి తీసుకెళ్లాడు. మేనేజరు అడుగున ఉన్న అయిదో పెట్టె మీద వేలు పెట్టాడు.

"ఇదేంటయ్యా?"

"మురుగునీటి శుద్ధి సార్."

"ఆయన భోంచేసి వచ్చి చూస్తారు. మురుగు కనబడకూడదు. తీసెయ్."

"తీసేస్తే ఆ నీళ్లెక్కడికి పోతాయి సార్?"

"కాగితం మీద నీళ్లుంటాయటయ్యా?"

గీతలాయన తీసేశాడు. ఆ పెట్టెలోనే తన బావమరిది ఉద్యోగం చేస్తున్నాడన్న సంగతి గుర్తులేక కాదు. కాగితం మీంచి పోతే మనిషికేమవుతుందిలే అనుకున్నాడు.

ఛైర్మన్ చేతులు వెనక్కి కట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. "భేష్! మన దగ్గర వ్యర్థమన్న మాటే లేదన్నమాట."

మేనేజరు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మరి ఈ శుద్ధి విభాగానికి ఖర్చెందుకు? డ్రాయింగులో లేనిది ప్లాంటులో దేనికి?"

పళ్లు లోపలికి వెళ్లిపోయాయి. కానీ ఆ డ్రాయింగు అబద్ధమని చెప్పే నోరు లేదు. నెలాఖరుకి విభాగం మూసేయమని ఉత్తర్వు వచ్చింది.

ఆ సాయంత్రం బావమరిది గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. "ఏం బావా, నా ఉద్యోగాన్ని రబ్బరు పెట్టి చెరిపేశావట?"

భార్య గరిట పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

"మా తమ్ముడి పెట్టె మళ్లీ గోడెక్కాలి. లేదంటే ఈ ఇంటి డ్రాయింగులో మీరుండరు, చెప్తున్నా."

మర్నాడు పాత అయిదు పెట్టెల డ్రాయింగే పట్టుకెళ్తే మేనేజరు ఎగిరిపడ్డాడు. "ఛైర్మన్ మెచ్చుకున్నదాన్ని మారుస్తావా? నా ఉద్యోగం కూడా చెరుపుతావా?"

గీతలాయన బల్ల దగ్గర కూర్చుని బుర్ర గోక్కున్నాడు. శుద్ధి చేసిన నీళ్లలో కొంత కూలింగ్ టవర్‌కి తిరిగి పోయే మాట నిజమే. అడుగున ఉన్న పెట్టెని నెత్తిన పెట్టాడు. నల్లరంగు పోయి పచ్చరంగు వచ్చింది. నాలుగో పెట్టె నుంచి మొదటిదాని దాకా దాని మీదుగా వయ్యారంగా ఒక బాణం వంచి, పెట్టెలో 'జల పునరుజ్జీవన కేంద్రం' అని రాశాడు. పైపు అదే, మురుగు అదే, బావమరిదీ అతనే.

మేనేజరు ఈసారి వద్దనలేదు. పంపించాడు. ఛైర్మన్ ఫోన్లోనే పొంగిపోయాడు. "ఇది ఎప్పుడు పెట్టారయ్యా?"

"అంతా మీ చలవ సార్."

మూసివేత ఉత్తర్వు రద్దయింది. ఇంత గొప్ప కేంద్రానికి పెద్దదిక్కు లేకపోతే ఎలాగని, ఏసీ గదితో సహా ఒక డైరెక్టర్ని కూడా వేశారు.

బావమరిది ఆ వారం భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుని నిట్టూర్చాడు. "ఉద్యోగం నిలబెట్టావు బావా, కాదనను. నెత్తిన డైరెక్టర్ని ఎక్కించావే! రాగానే ముక్కు మూసుకుని, ఈ వాసన డ్రాయింగులో ఎక్కడుందని నన్నడిగాడు."

"వాసనకి ఏ డ్రాయింగులోనూ గుర్తు లేదురా. అలవాటు చేసుకోమను."

"ఆయన చేసుకోడట. వాసన రాకుండా చూడమని నా ప్రాణం తీస్తున్నాడు."

అక్క అతని కంచం ముందుకి జరిపింది. "ఉద్యోగం ఉంది కదా. నోరు మూసుకుని తిను."