జెండా దించిన చెయ్యి

గాలి ఆకును కూడా కదపని పొద్దుటిపూట, కొయ్య చివరికంటా ఎక్కిన జెండా ఒక్క క్షణం ఆగి, మనిషి జాడ లేకుండా సగానికి దిగి నిలబడితే మీరేం చేస్తారు? నవ్వుకుని మీ దారిన పోతారా? నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో అది నా కళ్లతో చూశాను. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

పక్కింటి అక్క రెండేళ్ల కొడుకును భుజాన వేసుకుని ఆసుపత్రికి బయలుదేరింది. పిల్లవాడికి ముందురోజు నుంచీ వాంతులు, బేదులు. కళ్లు లోపలికి పోయాయి. ఏడుద్దామన్నా గొంతు రావడం లేదు. నీళ్ల చెంబు పట్టుకుని నేను వెంట నడిచాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

తాలూకా కచేరీ ప్రహరీ ఎత్తుగా ఉండేది. రోడ్డు మీదికి జెండాకొయ్య పైభాగమే కనిపించేది. మేం చూస్తుండగానే గుడ్డ చివరిదాకా పోయింది. ఆగింది. తర్వాత మెల్లగా, కింది నుంచి ఎవరో కాళ్లు పట్టి లాగుతున్నట్టు, సగానికి దిగి కొయ్యకు అతుక్కుపోయింది.

పాలు పోసే ముసలామె మా పక్కన నిలబడిపోయింది. "ఇప్పుడే కోర్టు కాడా ఇట్లే సూసొచ్చినా. ఆడా శవం ల్యా, ఈడా శవం ల్యా. చావు వచ్చింది గానీ మనిషిని ఇంకా ఎంచుకోల్యా" అంది.

అక్క బిడ్డ మొహం మీద కొంగు కప్పింది. "మ్మే, గేటు కాడికి పోయి సూసిరా, తాడు పట్టుకోని ఎవురన్నా ఉండారేమో" అని నన్ను పంపింది. గేటుదాకా పోయాను. తాడు కొయ్యను ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది. తల లోపలికి పెట్టడానికి ధైర్యం చాలలేదు. తిరిగొచ్చి, "ఎవురూ ల్యారక్కా" అన్నాను.

అక్క వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది.

మధ్యాహ్నం మా ఎదురింటి మామ అన్నానికి వచ్చాడు. ఆయన కచేరీలో బంట్రోతు. సంగతి చెవిన పడగానే విస్తరి ముందు నుంచి లేచాడు. "దించింది నేనే గదమ్మా! ఢిల్లీలో ఎవురో పెద్దాయన పోయినాడని తంతి వచ్చింది" అని అరుస్తూ, బిడ్డను అక్క చేతుల్లోంచి లాక్కుని ఆసుపత్రికి పరిగెత్తాడు. పొద్దున్నే తెచ్చి ఉంటే బతికించుకునేవాళ్లమని డాక్టరు అన్నాడు. దీపాలు పెట్టే వేళకు బిడ్డ పోయాడు.

వీధి ఏమందో తెలుసా? జెండా తన మనిషిని ఎంచుకుందంది. భయమే బిడ్డను చంపి, ఆ చావునే తనకు సాక్ష్యంగా నిలబెట్టుకుంది. మూఢనమ్మకం ఇంతకన్నా సిగ్గులేని పని చేయగా ఈ వయసు వరకూ నేను చూడలేదు.

మర్నాడు మామ నన్ను ప్రహరీ లోపలికి తీసుకెళ్లాడు. తిట్టలేదు. తాడు నా చేతిలో పెట్టాడు. దేశం గౌరవించే మనిషి పోతే సర్కారు కట్టడాల మీద జెండాను సగానికి దించి దుఃఖం తెలుపుతారని చెప్పాడు. నేరుగా సగంలో ఆపడం మర్యాద కాదట. ముందు చివరిదాకా ఎక్కించాకే దించాలి, సాయంత్రం విప్పే ముందూ మళ్లీ పైదాకా తీసుకెళ్లాలి. అంతా చెప్పి, "నిన్న నేను ఈడనే నిలబడుకోని ఉంటి గదా పాపా, నీకు అగపడల్యా?" అని అడిగాడు.

నేను తల దించుకున్నాను. ఆయనకు అర్థమైంది. తాడు నా చేతిలోంచి తీసుకుని కొయ్యకు కట్టేశాడు.

అక్క ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ రోడ్డున నడవలేదు. బిడ్డను తానే తీసుకెళ్లి చావుకు చూపించానని ఏడ్చేది. ఆమె పక్కన కూర్చుని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ మూసుకున్నాను. చూడకుండా చెప్పిన ఆ ఒక్క మాటను మోస్తూనే ముసలిదాన్నయ్యాను.

మీరు మాత్రం మొహమాటపడకండి. జబ్బుపడ్డ బిడ్డతో ఎవరైనా శకునం చూసి ఆగిపోతే వాదనకు దిగకండి. బిడ్డను లాక్కుని ఆసుపత్రికి పరిగెత్తండి. వాళ్లతో వాదించడానికి నేనున్నాను, నా దగ్గరికి పంపండి.