ఎదురు మర

పూల్ ఆటగాడు బంతులు కొట్టే తన కొత్త క్యూ కర్రను తెచ్చి, అలాంటి కర్రలు చేసే పెద్దాయన బల్లమీద పెట్టాడు. "మీ తమ్ముడుగారు స్వయంగా చేశారటండీ. రెండు ముక్కలూ విడిపోవట్లేదు. ఆయనే పట్టకారుతో తిప్పి చూసి, లోపలి మర తుప్పు పట్టిందన్నారు."

పిడిమీద తమ్ముడి పేరుంది. జాయింటు దగ్గర చెక్కంతా పట్టకారు గాట్లే. పెద్దాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయనది ఎడమచేతి వాటం. జాయింటు మరను అందరూ కోసే దిక్కుకు ఎదురుగా కోస్తాడు. కలిసి పనిచేసినన్నాళ్లూ తమ్ముడు వార్నిష్ పూయడమేగానీ ఒక్క మర కోసిన పాపాన పోలేదు. వేరుపడ్డప్పుడు మాత్రం తయారైన కర్రలన్నీ ఎత్తుకుపోయాడు.

పెద్దాయన ఎదురు తిప్పగానే కర్ర ఇట్టే విడిపోయింది.

"ఎటు తిప్పాలో చూశారుగా? వెళ్లి, దాన్ని స్వయంగా చేసిన ఆ మహానుభావుడికి కూడా నేర్పండి!"