నెమలి చద్దరు పేజీ

మా నేతగాళ్ల పేట నీలం నగర్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన మొదటి ఆడపిల్ల గోదావరి. వాళ్ల నాన్న సిద్ధరాములు, మా ఆయన ఒకే షెడ్డులో చద్దర్లు నేసేవాళ్లు. ఆమె కాలేజీలో తాత్కాలిక లెక్చరరు. పర్మనెంటు కావాలంటే ఆ ఏడాది, 1993లోనే, డాక్టరేటు చేతికి రావాలి.

థీసిస్ కోసం పన్నెండు షెడ్లు తిరిగి కార్మికులను పని గంటలు అడిగింది. హాజరు పుస్తకంలో ఎనిమిది రాసి పన్నెండు చేయిస్తున్నారని చాలామంది చెప్పారు. ఎవరి పేరూ బయటపెట్టనని మాటిచ్చింది. నేను బీఎస్సీ చదివానని పట్టికలు సరిచూడమని నాకిచ్చింది. పాపను ఒళ్లో వేసుకుని ఒక్కో అంకే చూశాను. యజమానుల పేర్లకు బదులు ఆయా షెడ్లలో నేసే చద్దరు డిజైను పేర్లు పెట్టింది: నెమలి, ద్రాక్ష, రథం. ఇద్దరికీ ముచ్చటగానే అనిపించింది.

నాలుగు ప్రతులు యూనివర్సిటీలో ఇచ్చి వచ్చిన సాయంత్రం సిద్ధరాములు కూతుర్ని ఆటపట్టించాడు. "లెక్కల డాక్టరమ్మా, నా మోకాళ్ల నొప్పికి మందు రాస్తవా?" తర్వాత ఏం రాసిందో చదివి వినిపించమన్నాడు. నెమలి దగ్గర ఆయన నవ్వు ఆగిపోయింది.

"బిడ్డా, నెమలి చద్దరు ఈ ఊర్ల మా ఒక్క షెడ్డుల్నే నేస్తరు. ఎవరినడిగినా జెప్తరు. మేం ఆరుగురమే ఉన్నం. సావుకారు జూసిండంటే ఆరుగురికీ పని ఖలాస్."

ఆ సావుకారు, అంటే షెడ్డు యజమాని, గోదావరి పనిచేసే కాలేజీ కమిటీలోనే ఉన్నాడు. థీసిస్ ప్రతి ఒకటి ఆ కాలేజీ లైబ్రరీకే వస్తుంది. ఆ ఆరుగురిలో మా ఆయనా ఉన్నాడు. పాప పాలడబ్బా మా ఆయన కూలి మీదే రావాలి.

తెల్లవారి గోదావరి బస్సెక్కి వెళ్లి ప్రతులు వెనక్కి అడిగింది. మూడే దొరికాయి. నాలుగోది పరీక్షకుడికి పోస్టులో వెళ్లిపోయింది. డిజైన్ల చోట అంకెలు వేసి మళ్లీ టైపు చేయించేసరికి గడువు దాటి, పర్మనెంటు పోస్టు ఇంకొకరికి పోయింది. షెడ్డులో పనివాళ్ల మీద పెత్తనం చేసే ముకాదం పని మానెయ్యమనడానికి ఎవరినైనా పక్కకు పిలిచాడా అని గోదావరి రోజూ తండ్రిని అడిగేది. నేను మా ఆయన్ని అదే అడిగేదాన్ని.

ఐదు నెలలకు నాలుగో ప్రతి తిరిగొచ్చింది. ఇద్దరం వాకిట్లోనే విప్పాం. నెమలి ఉన్న పేజీ మూల మడిచి ఉంది. పరీక్షకుడు గుర్తుకు మడుచుకున్నాడో, అది ఇంకెవరి చేతుల్లోనైనా పడిందో తెలియదు. గోదావరి ఆ మడతను గోటితో సాపు చేస్తూనే ఉంది. మా పక్కనుంచే సిద్ధరాములు షెడ్డుకు బయలుదేరాడు.