చిన్నల్లుడి కొలిమి

ఆ ఇంటి ఇద్దరు అల్లుళ్ళలో పెద్దాయన కమ్మరి. వ్యాగన్లు బాగుచేసే కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇనుము కొట్టాడు. కాలిన కడ్డీ రంగు చూసి, ఇంకెన్ని దెబ్బలకు అది నల్లబడుతుందో చెప్పగలిగినవాడు. చిన్నల్లుడిది కళ్ళద్దాల దుకాణం. గోరంత స్క్రూలు, మెత్తటి గుడ్డ, "కింది వరుస చదవండి" అనే మాట, అతని పనంతా అంతే. అత్తగారింట్లో ఏ తలుపు గడియ ఊడినా "పెద్దల్లుడు రావాలి" అనేవారు. ఆ మాట పెద్దల్లుడి చెవికి ఇంపుగా ఉండేది.

కర్మాగారానికి ప్రెస్సు యంత్రం వచ్చింది, కొలిమి ఆరింది, ఆయన రిటైరై ఇంటికి చేరాడు. సుత్తులు, పటకార్లు, ఇనుము పెట్టి కొట్టే దాగలి అన్నీ కర్మాగారానివే కాబట్టి అక్కడే ఉండిపోయాయి. ఇంటి వెనక ఒక చిన్న కొలిమి పెట్టుకుంటానని అయిదేళ్ళుగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాడు. ఎండలు తగ్గాక అన్నాడు, వానలు వెలిశాక అన్నాడు. పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య చెల్లెలింటి నుంచి వచ్చి, సంచీలోంచి ఒక ఇనుప కొక్కెం తీసి చేతిలో పెట్టింది.

"చూడండి, మా మరిది చేశాడు."

"ఎక్కడ కొన్నాడూ?"

"కొనడమేమిటండీ, చేశాడంటుంటే! పెరట్లో కొలిమి పెట్టి ఆర్నెల్లయిందట. మనకే తెలీదు."

పెద్దల్లుడు కొక్కేన్ని అటూ ఇటూ తిప్పాడు. ఒంపు ఒకే తీరున తిరిగింది, కొస సన్నగా సాగి చిన్న చుట్టయింది. తప్పు వెతికాడు, దొరకలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ వెతికాడు. ఆ కళ్ళద్దాలూ చిన్నల్లుడు ఇచ్చినవే.

"మెడ దగ్గర కాస్త పలచనైంది," అన్నాడు చివరికి.

"గిన్నె తగిలిస్తే ఆగుతుందా, ఆగదా?"

"ఆగుతుంది."

"మరింకేం!" అంటూ ఆవిడ వంటింట్లో మేకు వెతుక్కోవడానికి వెళ్ళింది.

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు ఇక ఉండబట్టలేక తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు.

పెరట్లో రేకుల పంచ. పాత లారీ బ్రేకు డ్రమ్మును మూడు కాళ్ళ మీద నిలబెట్టి, అడుగున గొట్టం బిగించి, జుట్టు ఆరబెట్టుకునే బ్లోయరు తగిలించాడు. అదే కొలిమి. రైలు పట్టా ముక్కను చెట్టు మొద్దు మీద బిగించాడు. అదే దాగలి. వీటిని చూసి పెద్దల్లుడికి లోపల నవ్వొచ్చింది. గోడ చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. అక్కడ ఆరు పటకార్లు, చేసిన వరుసలో వేలాడుతున్నాయి. మొదటిది రెండు వంకర పుల్లల్ని కట్టినట్టుంది. ఆరోది మాత్రం కర్మాగారంలో తను పట్టుకున్న పటకార్లకు ఏమీ తీసిపోదు. పక్కన రెండు సుత్తులు, ఒక నిప్పు కదిపే కడ్డీ, ఒక బొగ్గు పార. అన్నీ అతను చేసుకున్నవే. ముప్పై ఒక్క ఏళ్ళు కమ్మరితనం చేసిన తనకు సొంత సుత్తి ఒక్కటి లేదు. గుండెల్లో ఎవరో బొగ్గులు ఎగదోసినట్టయింది.

"అన్నయ్యా! మీరే రావాలనుకుంటున్నా," అంటూ చిన్నల్లుడు కుర్చీ తుడిచి వేశాడు. "లారీ స్ప్రింగు పట్టీతో ఉలి చేస్తున్నా. ఇనుము కొయ్యడానికి. ఎర్రగా కాల్చి ముంచాలి కదా, నీళ్ళలోనా నూనెలోనా?"

"నూనెలో."

"ముంచాక ఇంకేమన్నా చెయ్యాలా?"

చెయ్యాలి. అలా ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ సన్నని సెగన పెట్టి, అంచుకు ఊదారంగు పాకేదాకా వేడి చేస్తేనే దానికి ఓర్పు వస్తుంది. ఈ సంగతి పెద్దల్లుడికి తన పేరంత బాగా తెలుసు. గోడ మీది ఆరో పటకారు వైపు ఒకసారి చూశాడు.

"ఇంకేం అక్కర్లేదు. గట్టిపడితే చాలు," అన్నాడు.

ఉలి విరిగితే విరుగుతుంది, కాస్త తల వంచుకుని "అన్నయ్యా, ఇలా అయింది" అని తన దగ్గరికి వస్తాడు, అంతేగా! దారి పొడవునా ఇదే అనుకుంటూ ఇంటికొచ్చాడు. అన్నం మాత్రం సహించలేదు.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున మరదలు ఫోన్ చేసింది. మొదటి దెబ్బకే ఉలి పగిలిందట. పెచ్చు లేచి కళ్ళద్దాలకు తగిలింది. అద్దం పగిలి కనుబొమ పైన రెండు కుట్లు పడ్డాయి. కన్ను మాత్రం దక్కింది.

భార్యాభర్తలు పరుగున వెళ్ళారు. చిన్నల్లుడు కట్టుతో మంచం మీద కూర్చుని, ఇబ్బందిగా నవ్వాడు.

"మీరు చెప్పింది నేనే సరిగా వినలేదేమో అన్నయ్యా."

ఇంతలో మరదలు లోపలి నుంచి వచ్చింది.

"ఇక కొలిమీ వద్దు, గిలిమీ వద్దు. బావగారూ, ఆ పరికరాలన్నీ మీరు తీసుకెళ్ళిపోండి. మీకైతే చేతనవును. ఇక్కడుంటే ఈయన మళ్ళీ ముట్టుకుంటారు."

"సరే, తీసుకెళ్ళండి," అన్నాడు చిన్నల్లుడు మెల్లగా, నేల చూస్తూ.

పెద్దల్లుడు పెరట్లోకి వెళ్ళాడు. ఆరో పటకారు గోడ మీంచి తీసి పట్టుకున్నాడు. తన చేతి కోసమే చేసినట్టుంది. నోరు మూసుకుంటే చాలు, ఇవన్నీ తనవే. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కాసేపు అలాగే నిలబడి, దాన్ని మేకుకు తగిలించి లోపలికి వచ్చాడు.

"నువ్వు సరిగానే విన్నావు. ముంచాక మళ్ళీ సెగ పెట్టాలి. నేనే చెప్పలేదు. కావాలనే."

"ఎందుకు?"

"కుళ్ళు," అన్నాడు పెద్దల్లుడు. "కన్నుదాకా వస్తుందని అనుకోలేదు. నీ గోడ చూసి ఓర్వలేకపోయాను."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన భార్య ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"ఇవాళ్టికి మీరు వెళ్ళండి," అన్నాడు చిన్నల్లుడు. ఈసారి అన్నయ్యా అనలేదు.

భార్య ఇంటికొచ్చాక వారం రోజులు పొడిపొడిగా మాట్లాడింది. ఆయనే ఒకరోజు పాత ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళి, రైలు పట్టా ముక్క, కడ్డీలు, ఒక పాత సమ్మెట తెచ్చుకున్నాడు. పెరట్లో ఇటుకలు పేర్చి కొలిమి కట్టాడు. పటకారుతో మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసొచ్చింది, తను జన్మలో ఒక్క పటకారైనా చెయ్యలేదని. కర్మాగారంలో పనిముట్లు చెయ్యడానికి వేరే మనిషి ఉండేవాడు. మొదటిదాని పళ్ళు కలవలేదు. రెండోది రివెట్టు దగ్గర బిగుసుకుని కదల్లేదు. అయినా మొండికెత్తి మూడోదానికి నిప్పు రాజేశాడు.

నెల తిరిగాక చిన్నల్లుడే వచ్చాడు. కనుబొమ మీద సన్నటి గీత. చేతిలో కొత్త ఉలి.

"నూనెలో ముంచడం అయింది. సెగ పెట్టడం చూపించండి. మొదటి దెబ్బ మాత్రం మీరే వెయ్యాలి," అన్నాడు.

"వేస్తాను."

అంచు రుద్ది మెరిపించి, వెనకవైపు నుంచి వేడి పెట్టి చూపించాడు. లేత పసుపు, గోధుమ, ఆపైన ఊదా. రంగులు ఒకదాని వెనక ఒకటి అంచుదాకా నడిచాయి. చప్పున నూనెలో ముంచాడు. చల్లారాక ఉలిని కడ్డీకి ఆనించి సమ్మెట ఎత్తి కొట్టాడు. ఉలి నిలిచింది.

చిన్నల్లుడు ఊపిరి వదిలి, అప్పుడు చుట్టూ చూశాడు. మూలన పడున్న పటకార్లు కనబడ్డాయి. బిగుసుకున్నదాన్ని తీసి గుంజి చూశాడు. పెద్దల్లుడి చెవులు వేడెక్కాయి.

"ఆ రివెట్టు... నువ్వు ఎలా వదులు చేస్తావు?"

చిన్నల్లుడు తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. ఆ నాలుగు క్షణాలూ పెద్దల్లుడికి నిలబడ్డచోట ముళ్ళున్నట్టయింది.

"కీలు దగ్గర ఎర్రగా కాల్చి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉండాలి. ఆపకూడదు," అన్నాడు.

పెద్దల్లుడు అలాగే చేశాడు. పటకారు కత్తెరలా ఆడింది.

"నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. నాలుగు పాడుచేశాక తెలిసింది."

"నాకింకా కుళ్ళుగానే ఉందిరా," అన్నాడు పెద్దల్లుడు.

"ఉండనీండి," అంటూ చిన్నల్లుడు బొగ్గులు ఎగదోశాడు. "పళ్ళు కలవనిది ఇటివ్వండి, చూద్దాం."